బాణాలక్క వెళ్లిన ఉద్యోగ మేళా

దేవుణ్ణి మన కోసం మనం ఏమైనా అడగొచ్చా, అడక్కూడదా అన్న అనుమానం బాణాలక్కకి పెళ్లి కాకముందు నుంచీ ఉంది. వాళ్లమ్మ అన్నిటికీ అడిగేది. బస్సు త్వరగా రావాలని అడిగేది, వచ్చిన బస్సులో సీటు దొరకాలని అడిగేది, దొరికిన సీటు కిటికీ పక్కనే అయ్యుండాలని కూడా అడిగేది. వాళ్ల నాన్న ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ నోరు విప్పేవాడు కాదు. "ఆయనకి తెలీదా ఏమిటి, మళ్లీ మనం చెప్పాలా?" అనేవాడు. ఇద్దరూ భక్తులే, ఇద్దరూ మంచివాళ్లే. ఎవరు చేసేది సరైనదని తెలిసిన పెద్దవాళ్లని అడిగితే తలో మాటా చెప్పారు. అందుకని ఆవిడ మధ్యలో ఒక దారి చేసుకుంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు మొగుడి నడుం నొప్పి గురించీ, కూతురి చదువు గురించీ, ఎదురింటి ముసలాయన దగ్గు గురించీ వరసపెట్టి అడుగుతుంది. తన వంతు వచ్చేసరికి "మిగతాది నీకు తెలుసు" అనేసి లేచిపోతుంది.

ఆ శనివారం కూడా అలాగే లేచింది. కాని గుమ్మం దాటాక ఏదో మర్చిపోయినట్టనిపించి వెనక్కొచ్చింది. తాళం చూసుకుంది, సంచీ చూసుకుంది, అందులో కూతురు తయారు చేసిపెట్టిన బయోడేటా కాపీలు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మళ్లీ బయల్దేరింది.

"ఏమిటా తిరుగుడు? వెళ్లేదానివి వెళ్లు," అన్నాడు మొగుడు. ఆయన కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టే పని చేస్తాడు. చెయ్యి ఎంత నిదానమో మనిషీ అంత నిదానం.

"సాయంత్రం మీ అక్క ఫోన్ చేస్తుంది. ఏం చెప్పమంటారు?"

"కాదంటే మా అక్క మొహం చూడలేను. సరేనంటే నీ మొహం చూడలేను. మధ్యలో నన్నెందుకు నలుపుతావు?"

విషయం ఏమిటంటే, బాణాలక్క పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలు దాటింది. కూతురు నర్సింగ్ రెండో ఏడులో ఉంది. పెద్దాడపడుచుకి బజార్లో స్టీలు సామాన్ల కొట్టుంది. "ఊరికే ఇంట్లో కూచుని ఏం చేస్తావే, వచ్చి నా గల్లాపెట్టె దగ్గర కూచో," అంది ఆవిడ. జీతం మాటెత్తితే నొచ్చుకుంది. "సొంత మనుషుల మధ్య జీతమేమిటే మరదలా, వింటే నవ్విపోతారు! ఏం కావాలంటే అది పట్టుకెళ్లు, ఎవరడ్డం?" ఆ కొట్లో పట్టుకెళ్లడానికి ఉండేవి గిన్నెలూ గరిటెలూ. కూతురి కాలేజీలో ఫీజు కింద గిన్నెలు పుచ్చుకోరు. ఆ మాట పైకి అనలేక "ఆలోచించుకుని చెప్తాను వదినగారూ," అని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. ఇక గడువైపోయింది. శనివారం సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. సోమవారం నుంచి రాకపోతే ఆడపడుచు వేరే మనిషిని పెట్టుకుంటుంది.

అంటే ఈవేళ వెళ్లే ఉద్యోగ మేళాలో ఏదో ఒకటి దొరికితే సరే, లేదంటే సోమవారం నుంచి గల్లాపెట్టే.

* * *

మేళా ఇండోర్ స్టేడియంలో పెట్టారు. బాస్కెట్‌బాల్ రింగుల్ని పైకెత్తి కట్టేసి, నేల మీద గీతల పొడవునా బల్లలు వేశారు. ఒక్కో బల్ల వెనక ఒక కంపెనీ బ్యానరు. లోపలికి అడుగుపెట్టగానే హోరు మొహాన కొట్టింది. మైకులో ఎవరో అమ్మాయి ఏదో పిలుస్తోంది, అది పైకప్పుకి తగిలి ముక్కలై కిందికి రాలుతోంది. అందరూ ఎటో నడుస్తున్నారు, ఎటు నడుస్తున్నారో ఎవరికీ తెలిసినట్టు లేదు. బాణాలక్క కూడా నడిచింది. ఎక్కడ లైను చిన్నదిగా కనిపిస్తే అక్కడ నిలబడింది.

మొదటి చిన్న లైను బీమా కంపెనీది. అక్కడి కుర్రాడు ఆవిణ్ణి ఎంతో ఆప్యాయంగా కూచోబెట్టి, "అమ్మా, మీకు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?" అని మొదలుపెట్టాడు. చుట్టాలూ, ఇరుగుపొరుగులూ, ఫ్యాక్టరీ వాళ్లూ అంటూ లెక్క చెబుతూ చెబుతూ ఉద్యోగం అడగడానికి వచ్చిన మనిషి పాలసీ కట్టేదాకా వెళ్లి, ఎలాగో తప్పించుకుని బయటపడింది.

రెండోది ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం. "ఇంగ్లీషు?" అన్నారు. "రాదండి," అంది. అక్కడితో అయిపోయింది.

మూడో లైన్లో నిలబడ్డప్పుడు ఆవిడ చేతులు ఆగలేదు. ముందు నిలబడ్డ కుర్రాడి చొక్కా భుజం దగ్గర ఒక దారప్పోగు వేలాడుతోంది. మంచి చొక్కా, ఇస్త్రీ చేసుకుని వచ్చాడు, ఆ ఒక్క పోగూ మొత్తం పాడు చేస్తోంది. పట్టుకుని లాగేద్దామని వేళ్లు రెండుసార్లు దగ్గరదాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. చివరికి సంచీ పట్టుకునే వంకతో చేతులు కట్టేసుకుంది.

ఆవిడ చేసింది చెకింగ్ పని. కుట్టువాళ్ల దగ్గర నుంచి బట్టలు బొత్తులుగా కట్టి ఆవిడ బల్ల మీదికి వచ్చేవి. ఒక్కోదాన్నీ తీసి, పరిచి, తిప్పి చూసి, ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడ ఎర్ర కాగితపు బాణం అంటించాలి. చిన్న స్టిక్కరు, బాణం ములుకు తప్పు వైపు చూడాలి. తప్పు లేనిదాని మీద ఏమీ అంటించక్కర్లేదు, ఏమీ రాయక్కర్లేదు, పక్కకి తోసేస్తే చాలు. పందొమ్మిదేళ్లు అదే పని. ఫ్లోరు ఫ్లోరంతా ఆవిణ్ణి బాణాలక్క అనేవారు. ఇంటిపేరు మర్చిపోయారు, ఒంటిపేరూ మర్చిపోయారు.

మూడో బల్ల వెనక కళ్లద్దాలాయన కూచున్నాడు. పాపం జలుబు చేసి ముక్కంతా ఎర్రబడింది. ఆసుపత్రుల నుంచి దుప్పట్లూ, గౌన్లూ తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి పంపే కంపెనీ ఆయనది.

"మీ గురించి చెప్పండమ్మా," అన్నాడు.

బాణాలక్క కాగితం ముందు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"నాకు నలభై ఏడండి. ఇంగ్లీషు రాదు. కంప్యూటరు తెలీదు. కుడి మోకాలు నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేను. మధ్యలో మా అత్తగారు మంచాన పడితే రెండేళ్లు పని మానేశాను. ఇప్పుడు కూడా మూడు నెలల నుంచి ఖాళీగానే ఉన్నానండి."

చెప్పి ఊరుకుంది. కళ్లద్దాలాయన ఇంకా ఏమైనా చెబుతుందేమోనని చూశాడు. ఆవిడ ఆయన కేసి చూసింది. పీసు మీద తప్పులన్నీ చూపించడం అయిపోయింది, ఆవిడకి తెలిసినంతవరకూ పని అంతే.

ఆయన తుమ్మి, చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుని, "సరేనమ్మా. కాగితం అక్కడ పెట్టండి, ఏదైనా ఉంటే ఫోన్ చేస్తాం," అన్నాడు. అక్కడ అన్న చోట కాగితాలు మోకాలెత్తు పేరుకుని ఉన్నాయి.

* * *

గ్యాలరీ మెట్ల మీద, మూడో మెట్టుకి మించి ఎక్కలేక, అక్కడే కూలబడింది. కూచున్నా కాళ్లు ఊరుకోవడం లేదు. మడమ నేలకేసి కొట్టుకుంటోంది. ఎదురుగా ఒకాయన ప్రతి బల్ల దగ్గరా ఆగి, ఉద్యోగం అడక్కుండా, వాళ్లిచ్చే పెన్నూ సంచీ పుచ్చుకుని ముందుకి సాగిపోతున్నాడు. చంకలో అప్పటికే నాలుగైదు సంచులున్నాయి. ఈ మేళాలో పొద్దుటి నుంచి వట్టి చేతులతో మిగలనివాడు ఆయనొక్కడే అనిపించింది.

ఫోన్ మోగింది. పెద్దాడపడుచు.

"ఏమ్మా మరదలా, ఎక్కడున్నావ్? వెనకాల ఏమిటా గోల, పెళ్లా?"

"కాదు వదినగారూ, ఉద్యోగ మేళా."

"ఈ వయసులో ఆ తోపులాటలో నీకెందుకే! పిల్లలు తొక్కేస్తారు. హాయిగా ఫ్యాను కింద కూచుని డబ్బులు లెక్కపెట్టుకోవే అంటే వినవు. సరే, సాయంత్రం ఆరింటికి చేస్తా. ఇంక ఆలోచిస్తాను గీలోచిస్తాను అనకు."

ఫోన్ పెట్టేసి కళ్లు మూసుకుంది. ఆడపడుచు చెడ్డది కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే ఒక్క మాటతో తెగేది.

"బాణాలక్కా!"

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఎదురుగా ఒకావిడ, ముప్పై అయిదు ఉంటాయేమో, జుట్టు పైకి ముడేసుకుని, చేతిలో మడతపెట్టిన కాగితం, చెవి మీద పెన్నూ.

"గుర్తుపట్టలేదా? నాకు తెలుసులెండి. మా మొహాలు ఎప్పుడు చూశారు కనక! ఇదిగో, కుడి జేబు, ఎడమ జేబు," అంటూ గాల్లోనే రెండు జేబులు కుట్టి చూపించింది.

"జేబుల పిల్లా! నువ్వా!"

ఫ్యాక్టరీలో చొక్కాలకి జేబులు వేసే పిల్ల. పెళ్లయి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అప్పుడు సన్నగా పుల్లలా ఉండేది. ఇప్పుడు కాస్త నిండుగా, నవ్వుతూ, బాణాలక్క పక్కన చతికిలబడింది.

"మన ఫ్యాక్టరీ మూసేశారటగా. విన్నానక్కా. ఇంతకీ ఇక్కడ ఎన్ని చోట్ల మాట్లాడారు?"

"మూడు."

"ఏం చూసి వెళ్లారు?"

"లైను చిన్నగా ఉన్నవి చూసి."

జేబుల పిల్ల నెత్తి కొట్టుకుంది. "అక్కా! అది టిక్కెట్లు కొనుక్కునేచోట. ఇక్కడ లైను చిన్నగా ఉందంటే అందరూ ఎందుకు పారిపోయారో కనుక్కోవాలి. గేటు దగ్గర బోర్డు చదివారా?"

"ఏ బోర్డు?"

"లేవండి చెప్తాను," అని రెక్క పట్టుకుని లేపింది.

గేటు పక్కన నిజంగానే పెద్ద బోర్డుంది. ఏ కంపెనీ, ఏ పని, ఎంతమంది కావాలి, బల్ల ఎక్కడ, అన్నీ రాసి ఉన్నాయి. జనమంతా దాన్ని దాటుకుని లోపలికి పరుగెడుతున్నారు. పొద్దున బాణాలక్క కూడా దాటుకునే వెళ్లింది.

"ఇది నాకు మూడో మేళా అక్కా," అంది జేబుల పిల్ల. "మొదటిసారి మధ్యాహ్నం వచ్చాను, భోజనాలకి లేచిపోతున్నవాళ్లని చూసి వెళ్లిపోయాను. రెండోసారి కనిపించిన బల్లకల్లా కాగితం పంచాను, కరపత్రాలు పంచినట్టు. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఈసారి ముందే కూచుని ఈ బోర్డులో నాకు పనికొచ్చేవి నాలుగంటే నాలుగు ఏరుకున్నాను. మొదట మాత్రం నాకు అక్కర్లేనిదాని దగ్గరికి వెళ్లాను."

"అక్కర్లేనిదాని దగ్గరికెందుకూ?"

"నోరు తడబడేదేదో అక్కడే తడబడిపోతుందని! చేతికి అలవాటయ్యేదాకా ముందు పాత గుడ్డ మీద కుట్టి చూసుకోమూ? అలాగే. తర్వాత అసలు చోటికి వెళ్లాను. స్కూలు సంచుల కంపెనీ. మధ్యాహ్నం మిషను మీద కుట్టి చూపించమన్నారు. వాళ్లు పిలిచేదాకా ఇలా తిరుగుతున్నాను. మీ సంగతి చూద్దాం... ఇదిగో! చెకింగ్ బల్లకి అనుభవం ఉన్నవాళ్లు కావాలి. ఆసుపత్రి బట్టల కంపెనీ. మీ కోసమే రాసినట్టుంది!"

"అక్కడికి వెళ్లే వచ్చాను."

"ఏం చెప్పారు?"

బాణాలక్క చెప్పింది. నలభై ఏడు, ఇంగ్లీషు, కంప్యూటరు, మోకాలు, అత్తగారు, అన్నీ అదే వరసలో.

"ఇంకా?"

"ఇంకేముంది?"

జేబుల పిల్ల ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది, నవ్వు ఆపుకోలేక బోర్డు కర్ర పట్టుకుని వంగిపోయింది. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు.

"అయ్యో అక్కా! ఒంటినిండా బాణాలు అంటించుకుని వెళ్లి ఆయన ముందు నిలబడ్డారు! చెకింగ్ చేశారా అని కూడా ఆయనకి తెలీదు!"

"కాగితంలో ఉందిగా."

"ఆ కుప్పలో మీ కాగితం ఎవరు చదువుతారు?"

బాణాలక్కకి కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఎవరి మీదో తెలీలేదు. "ఉన్నమాట చెప్పడం కూడా తప్పేనా? నలభై ఏడు నిజం కాదా? మోకాలు నిజం కాదా? నా గురించి నేను గొప్పలు చెప్పుకోవడం నా వల్ల కాదు. మనకున్నది మనం పొగుడుకుంటే ఇచ్చినవాడికి కోపం రాదూ?"

"గొప్పలు చెప్పమని ఎవరన్నారు?" జేబుల పిల్ల నవ్వు మానేసింది. "సరే, ఒకటడుగుతాను. మీ బల్ల దగ్గర ఒక రూలుండేది. కొత్తగా వచ్చిన చెకర్లకి మీరే నేర్పేవారు. చొక్కాని ఎక్కడ పట్టుకుని చూడాలి?"

"చేతి దూరంలో."

"ఎందుకు?"

"తొడుక్కునేవాడు అంత దూరంలోంచే చూస్తాడు కనక. కంటికి ఆనించుకుంటే ఏ చొక్కా అయినా తప్పులకుప్పే. చేతి దూరంలో కనపడని తప్పుకి బాణం లేదు."

"మరి మిమ్మల్ని మీరు ఎక్కడ పట్టుకుని చూస్తున్నారు?"

మైకులో అమ్మాయి ఏదో పిలిచింది. జేబుల పిల్ల చెవి రిక్కించి, తనది కాదని తేల్చుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

"ఒకావిడ ఉంది. మీరు కాదనుకోండి, వేరెవరో. ఏళ్ల తరబడి చెకింగ్ చేసింది, రోజూ టైముకి వచ్చింది, ఆవిడ బల్ల దాటి బయటికెళ్లిన సరుకు వెనక్కొచ్చిందని ఎప్పుడూ వినలేదు. వయసు నలభై ఏడు, మోకాలు కాస్త నొప్పి. చేతి దూరంలో పట్టుకుని చూడండి. పాస్ చేస్తారా, తిప్పి పంపిస్తారా?"

బాణాలక్క నిజంగానే చూసింది. మామూలుగా చూసినట్టే, మొహమాటం లేకుండా. వయసు కుట్టులో తప్పు కాదు, అది గుడ్డ ఎప్పుడు నేశారన్న సంగతి. ఇంగ్లీషు ఈ చొక్కాకి కావలసిన భాగమే కాదు. మోకాలు... మోకాలు చూడాల్సిందే, కాని అదీ మెట్ల దగ్గరే.

"పాసే," అంది, తనకే ఆశ్చర్యంగా. "ఆవిణ్ణి తిప్పి పంపడానికేం లేదు."

"అదే ఆయనకి చెప్పండి. ముందు చేసిన పని చెప్పండి, తర్వాత అడిగినదానికి జవాబు చెప్పండి, చివర్లో మీరడగండి. పని ఎక్కడ, ఎప్పుడు, జీతమెంత, తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆయన పేరేమిటి. ఊరికే 'చేస్తాం' అన్న మాట పట్టుకుని లేచి రాకండి."

"మళ్లీ అదే బల్ల దగ్గరికా? పొద్దున వెళ్లినదాన్నే! ఏమనుకుంటాడు?"

"ఏమనుకుంటే ఏం? మధ్యాహ్నం దాటాక లైన్లు పలచబడతాయి, తీరిగ్గా వింటారు. ఆలస్యం చేస్తే బ్యానరు మడతపెట్టేస్తారు." అని ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు కళ్లు చికిలించింది. "అన్నట్టు, మీరు నాకు టీ బాకీ. గుర్తుందా?"

గుర్తుందా అంటే! ఆ ఫ్లోర్లో ఒక ఆనవాయితీ ఉండేది. రోజంతా కుట్టిన బొత్తుల్లో ఒక్క బాణం కూడా పడకపోతే, ఆ కుట్టుమనిషికి చెకరు టీ ఇప్పించాలి. బాణాలక్క చేతి మీదుగా టీ తాగినవాళ్లు ఫ్యాక్టరీ మొత్తమ్మీద చాలా తక్కువ. జేబుల పిల్లకి అలాంటి రోజు ఒక్కసారే వచ్చింది. అప్పటికే పని వదిలే సైరన్ మోగేసింది, వ్యాను హారను కొడుతోంది. "రేపిప్పిస్తాను లేవే," అంది బాణాలక్క. మర్నాడు ఆ పిల్ల రాలేదు. పెళ్లిచూపులన్నారు, సంబంధం కుదిరిందన్నారు, తర్వాత మానేసిందన్నారు. ఆ తర్వాత చాలాకాలం టీ కప్పు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా బాణాలక్కకి అదోలా ఉండేది.

"పద, ఇప్పుడే తాగుదాం!" అని చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు కాదు! ఇన్నేళ్లు ఆగింది ఇంకో గంట ఆగలేదా? మీరు ముందు..."

మైకులో ఈసారి సంచుల కంపెనీ పేరు వినిపించింది. జేబుల పిల్ల చెవి మీద పెన్ను సర్దుకుని "వెళ్లండక్కా!" అంటూనే జనంలో కలిసిపోయింది.

* * *

బాణాలక్క ఒంటరిగా నిలబడింది. మళ్లీ ఆ కళ్లద్దాలాయన ముందుకి వెళ్లాలంటే మొహం చెల్లలేదు. ఇంటికెళ్లిపోతే బాగుండుననిపించింది. గల్లాపెట్టె, పైన తిరిగే ఫ్యాను, అడిగేవాడు లేడు, అడగాల్సిన పని లేదు. అంత సుఖం తలుచుకునేసరికే ఊపిరాడనట్టయింది. నడిచింది.

బల్ల దగ్గర ముందొక్కరే ఉన్నారు. కళ్లద్దాలాయన ఆ మనిషితో మాట్లాడుతూనే ఒక చేత్తో కాగితాలు అట్టపెట్టెలోకి సర్దుతున్నాడు. బాణాలక్క తన వంతు కోసం నిలబడి, కళ్లు మూసుకోకుండానే, ఎవరికీ తెలియకుండా లోపల్లోపలే అంది: "స్వామీ, ఈ ఒక్కటీ నాకివ్వు. నాకు. నా కోసమే అడుగుతున్నాను." ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టనిపించింది. కాని ఆకాశమేమీ విరిగిపడలేదు. ముందున్నావిడ లేచింది.

"మీరు పొద్దున వచ్చారు కదమ్మా?" అన్నాడు కళ్లద్దాలాయన. "కాగితం ఇచ్చేశారుగా."

"కాగితం ఇచ్చానండి. పని చెప్పడం మర్చిపోయాను."

ఆయన సర్దడం ఆపాడు. కుర్చీ చూపించాడు.

"బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల మీద పందొమ్మిదేళ్లు చేశానండి. కుట్టు, మరక, చిరుగు, కొలత, అన్నీ చూస్తాను. కొత్తవాళ్లకి పని నేర్పాను కూడా. పొద్దున ఇది చెప్పాల్సింది, వేరేవన్నీ చెప్పాను."

"అవును, మోకాలి గురించి చెప్పారు," అన్నాడాయన. నవ్వాడో, తుమ్ము ఆపుకున్నాడో తెలీలేదు. "అమ్మా, కొత్త చొక్కాలు చూడడం వేరు. మావి ఆసుపత్రి నుంచి వస్తాయి. ఉతికాక కూడా రక్తం మరకలుంటాయి, ఇంకా ఏవేవో ఉంటాయి. చాలామంది రెండ్రోజులు చేసి అసహ్యమని పారిపోతారు."

"మా అత్తగారు మంచాన పడ్డ రెండేళ్లూ ఆవిడ పక్కబట్టలు నా చేతుల మీదే ఉతికానండి. అసహ్యం మొదటి వారమే పోయింది."

చెప్పాక గానీ ఆవిడకి తట్టలేదు, పొద్దున అదే సంగతిని ఇంకో విధంగా చెప్పానని.

ఆయన కొంచెంసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "నిలబడి చేసే పని."

"నిలబడగలనండి, ఇన్నాళ్లూ నిలబడే చేశాను. మెట్లే కష్టం. మీ బల్ల పై అంతస్తులో ఉంటుందా?"

"లేదు, కిందే."

"అయితే ఇబ్బంది లేదండి."

కళ్లద్దాలాయన అట్టపెట్టెలోకి వంగి వెతకడం మొదలుపెట్టాడు. కాగితాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి తీసి, కాదని పెట్టేసి, ఇంకోటి తీశాడు. ఆ వెతుకులాట చూస్తుంటే బాణాలక్క కాళ్లు బల్ల కింద మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టాయి. తన దగ్గర ఇంకో కాపీ ఉందని అప్పుడు గుర్తొచ్చి, సంచీలోంచి తీసి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన దాని మూల మీద ఏదో రాసుకున్నాడు.

"సోమవారం ఎనిమిదింటికి రండి. మూడు రోజులు పని చూస్తాం. ఆ మూడు రోజులకీ కూలి ఇస్తాం. నచ్చితే ఉంచుకుంటాం. ఇప్పుడే మాటివ్వలేను."

ఇక్కడ లేచి వచ్చేయాలనిపించింది. చాలు, ఇంతమాత్రం దొరికింది, ఇంకా కూచుంటే అదీ పోతుందేమోనని భయం. అయినా కూచుంది. "జీతం ఎంతుంటుందండి? రాత్రి పని కూడా ఉంటుందా? అక్కడికొచ్చి ఎవర్ని అడగాలి? మీ పేరు చెప్తే రాసుకుంటాను," అంది, ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకోకుండా. ఆయన అన్నిటికీ చెప్పాడు. జీతం పాతదాని కంటే కాస్త తక్కువే. రాత్రి పని లేదు. పేరు, ఫోన్ నంబరు తనే బయోడేటా వెనక రాసి ఇచ్చాడు.

లేచి నాలుగడుగులు వేశాక మోకాలు నొప్పి తెలిసింది. అప్పటిదాకా ఎక్కడికి పోయిందో. అడిగినందుకు ఇచ్చాడా, అడక్కపోయినా ఇచ్చేవాడా, అసలింతకీ ఇచ్చినట్టేనా అని మనసు లాగుతోంది. మూడు రోజుల పని, ఆపైన వాళ్లిష్టం. ఈ మాత్రానికి ఆడపడుచుని కాదనుకోవడం తెలివైన పనేనా? సోమవారం పోయి, గురువారానికి వాళ్లూ వద్దంటే? అప్పుడు గల్లాపెట్టె కూడా ఉండదు.

ఇంకా ఆరు కాలేదు. అయినా ఫోన్ తీసి తనే చేసింది. ఆరింటిదాకా ఈ కుదురులేనితనంతో వేగలేననిపించింది.

"వదినగారూ, సోమవారం నేను రాలేను."

"ఉద్యోగం వచ్చిందా?"

"రాలేదండి. మూడు రోజులు చూస్తామన్నారు."

"మూడ్రోజులా! నాలుగో రోజు ఏం చేస్తావే?"

"మళ్లీ వెతుక్కుంటానండి."

అవతల కాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. ఎవరో బేరమాడుతున్నారు. "మీ ఆయనకి తెలుసా?" అంది ఆడపడుచు.

"ఇంకా చెప్పలేదు. మీకే ముందు చెప్తున్నాను. మీరు నా కోసం చోటు ఉంచారు, అది మర్చిపోను. కాని వదినగారూ, నాకు జీతం కావాలి. మన మధ్య అది అడగడం బాగుండదు, అడక్కుండా ఉండడమూ నా వల్ల కాదు."

"అడిగి చూడాల్సింది," అంది ఆడపడుచు, కొంచెం చిన్నబోయిన గొంతుతో. "అడిగితే కదా ఇస్తానో ఇవ్వనో తెలిసేది! సరేలే. కస్టమర్లున్నారు." ఫోన్ పెట్టేసింది.

బాణాలక్క ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జీతం మాటెత్తితే ఆవిడ నొచ్చుకున్న మాట నిజమే. ఆ తర్వాత తను గట్టిగా ఒక్కసారైనా అడిగిందా? గుర్తు తెచ్చుకోబోయింది. ఆ మాట ఇంటికెళ్లాక తాపీగా చూసుకోవాలి. ఇప్పుడు కాదు.

* * *

సంచుల కంపెనీ బల్ల దగ్గర జేబుల పిల్ల మిషను మీద వంగి ఉంది. నీలం గుడ్డ మీద సంచీ జేబు కుడుతోంది. పక్కన ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. బాణాలక్క దూరంగా, ఆ పిల్లకి కనపడకుండా నిలబడింది. కుట్టు మూల తిరిగే చోట జేబుల పిల్ల సూదిని గుడ్డలోనే ఉంచి గుడ్డని తిప్పింది. పూర్వం ఎప్పుడూ అక్కడే తడబడేది. చాలా బాణాలు ఆ మూల దగ్గరే పడ్డాయి. ఇప్పుడు మూల నిటారుగా వచ్చింది.

ఆయన గుడ్డ తీసుకుని అటూ ఇటూ తిప్పి ఏదో అడిగాడు. జేబుల పిల్ల జవాబు చెప్పింది, తనూ ఏదో అడిగింది, కాగితం మీద రాసుకుంది. లేచి వెనక్కి తిరిగేసరికి బాణాలక్క కనిపించింది.

"ఏమైంది?" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"మంగళవారం చెప్తారట," అంది జేబుల పిల్ల. "నేను ఫోన్ చేస్తానని చెప్పాను. మీదో?"

"సోమవారం రమ్మన్నారు. మూడు రోజులు."

"అబ్బ! జీతమడిగారా?"

"అడిగాను. పేరు కూడా అడిగాను."

"అసలు మీరేనా!" అని జేబుల పిల్ల ఆవిడ భుజం మీద ఒక్కటేసింది.

టీ బల్ల స్టేడియం బయట, మెట్ల కింద ఉంది. ఆ మనిషి అప్పటికే స్టవ్ ఆర్పి కెటిలు దింపుతున్నాడు. "అయిపోయిందమ్మా, అడుగున కాస్తే ఉంది, చిక్కబడిపోయింది," అన్నాడు.

"ఉన్నంత వంపు బాబూ. ఇది వదిలితే మళ్లీ ఎన్నేళ్లకో," అంది బాణాలక్క.

ఒకటే కప్పు నిండింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా, ఎదురొచ్చేవాళ్లని తప్పుకుంటూ తెచ్చి జేబుల పిల్ల చేతిలో పెట్టింది.

"మీకు?"

"నాకెందుకు, నేనేం కుట్టాను! తాగు. ఇందాక నీ జేబు చూశాను. బాగా కుట్టావు. అప్పుడు కూడా బాగా కుట్టావు, ఆ రోజు. చెప్పలేదంతే."

జేబుల పిల్ల కప్పు అందుకుంది. అటు తిరిగి గేటు కేసి చూస్తూ తాగింది. టీ చేదుగా ఉన్నట్టుంది, మధ్యలో ఒకసారి మొహం చిట్లించింది. అయినా చివరిదాకా తాగి, ఖాళీ కప్పు నలిపి బుట్టలో పడేసి, చేతులు దులుపుకుంది.

"చెల్లు," అంది.